మన గాలిలోని మసి ఎవరిది? ఐసోటోపులు చెప్పేది, చెప్పలేనిది

(తిరుపతిలో డిగ్రీ విద్యార్థులు, పట్టణవాసుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభికులు అడిగిన కొన్ని ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. పిలిచిన అధ్యాపకులకు, సాయంత్రం పూట పనులు పక్కనపెట్టి వచ్చిన పెద్దలకు, ముందు వరసల్లో నోటుపుస్తకాలతో కూర్చున్న పిల్లలకు కృతజ్ఞతలు. నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితా ఒకటి తయారైంది. అందులో 131 నగరాలున్నాయి, మన రాష్ట్రానివి 13. విశాఖ, విజయవాడ ఉన్నాయంటే ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ మన చిత్తూరు కూడా ఉంది. తిరుపతి లేదు. లేదు కదా అని తిరుపతివాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చా అంటే, ఉండకూడదనే అంటాను. పీఎం 2.5 అనే సన్న ధూళి ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ హద్దును 5కు దించింది. నలభైకి, ఐదుకు మధ్య ఉన్న దూరమంతా మన ఊపిరితిత్తులే మోస్తున్నాయి.

ధూళి ఎంత ఉందో చెప్పడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. యంత్రం పెడితే అంకె వస్తుంది, బోర్డు మీద వెలుగుతుంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే అసలు సంగతి. ఆ అంకె గురించి నలుగురు కూర్చుని మాట్లాడే చోట గమనించండి. బస్సులవాళ్ళు ఆటోల్ని చూపిస్తారు. ఆటోవాళ్ళు లారీల్ని చూపిస్తారు. పట్నంవాళ్ళు పల్లెలో చెత్త కాలుస్తున్నారంటారు, పల్లెవాళ్ళు కొండకొచ్చే కార్ల సంగతేంటంటారు. ఇటుక బట్టీలు, హోటళ్ళ పొయ్యిలు, రోడ్డు దుమ్ము, భోగి మంటలు, సముద్రం ఒడ్డున ఉన్న విద్యుత్ కేంద్రాలు, ఒక్కొక్కరికి ఒక్కొక్క దోషి. అందరి మాటలోనూ కొంత నిజం ఉండొచ్చు. ఎవరి మాటలో ఎంత నిజం ఉందో తేల్చకుండా డబ్బు ఖర్చుపెడితే, నీళ్ళ ట్యాంకర్లతో రోడ్లు తడపడంతోనే ఆ డబ్బు అయిపోతుంది. సన్న ధూళిలో పెద్ద భాగం పొగ నుంచి వస్తున్న ఊళ్ళో రోడ్డు తడిపి ఏం లాభం? నన్ను ఈ విషయం మీదికి లాగిందీ, ఇన్నేళ్ళూ వదలనివ్వనిదీ ఈ ప్రశ్నే.

దీనికి జవాబు వెతికే దారుల్లో ఒకటి ఐసోటోపులు. పిల్లలకు తెలుసు, పెద్దల కోసం చెబుతాను. కార్బన్ పరమాణువులన్నీ ఒకే బరువుండవు. వందలో దాదాపు 98.9 పరమాణువులు 12 బరువువి, 1.1 మాత్రం 13 బరువువి. ఒకే మూలకంలో ఇలా బరువు తేడా ఉన్న రకాలనే ఐసోటోపులంటాం. రెండూ కార్బనే, రెండూ మండుతాయి, రెండూ మొక్కలోకి పోతాయి. కార్బన్-13 రేడియోధార్మికం కాదు, ఎన్నేళ్ళున్నా అలాగే ఉంటుంది. అందుకే స్థిర ఐసోటోపు అంటాం. నైట్రోజన్‌లో 14, 15 ఉన్నాయి, పదిహేను బరువుది వందలో 0.37 మాత్రమే. గంధకంలో 32 ఎక్కువ, 34 సుమారు నాలుగు శాతం. ఈ బరువైన పరమాణువుల వాటా అన్ని చోట్లా సరిగ్గా ఒకటే అయితే మనకు పని లేదు. అది వస్తువును బట్టి రవ్వంత మారుతుంది. మొక్క ఆకు గాలి పీల్చేటప్పుడు తేలికైన కార్బన్‌నే ఎక్కువ తీసుకుంటుంది. ఎంత ఎక్కువ అన్నది మొక్క జాతిని బట్టి ఉంటుంది. ఆ రవ్వంత తేడాను కొలవడమే మా పని.

తేడా ఎంత చిన్నదంటే, వందకు కాదు, వెయ్యికి ఇంత అని లెక్కగడతాం. దాన్ని డెల్టా అంటాం. ఒక ప్రమాణంతో పోల్చి, అంతకన్నా బరువైనవి తక్కువుంటే మైనస్, ఎక్కువుంటే ప్లస్. కార్బన్‌కు మొదట ప్రమాణంగా వాడింది అమెరికాలోని దక్షిణ కరోలినాలో దొరికిన ఒక సముద్రజీవి శిలాజం. వాడీ వాడీ ఆ రాయి ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు దాని విలువకు ముడిపెట్టిన వేరే పదార్థాలతో పని నడుస్తోంది.

ఈ కొలత ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే దీని నమ్మకమంతా చేతిపనిలోనే ఉంది. గాలిని లాగే పెద్ద శాంప్లర్ ఒకటి మేడమీద పెడతాం. నిమిషానికి ఘనపు మీటరుకు పైగా గాలిని అది ఫిల్టర్ గుండా పీలుస్తుంది. ఆ ఫిల్టర్ క్వార్ట్జ్ నారతో చేసింది, తెల్లగా, మెత్తగా, అట్టముక్కలా ఉంటుంది. వాడేముందు దాన్ని కొలిమిలో 450 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాలుస్తాం. లేకపోతే ఫ్యాక్టరీలో అంటిన జిడ్డు కూడా కార్బనే కదా, లెక్కలోకి వచ్చేస్తుంది. చల్లారాక అల్యూమినియం రేకులో చుడతాం. చేత్తో ముట్టం, పట్టకారుతోనే పట్టుకుంటాం. ఒక రోజంతా గాలి లాగాక తీసి చూస్తే ఆ తెల్ల ఫిల్టర్ బూడిదరంగులోకి తిరిగి ఉంటుంది, కొన్ని రోజులు నల్లగానే ఉంటుంది. ఎవరికైనా గాలి గురించి నచ్చజెప్పాలంటే నేను అంకెలు చెప్పను, ఆ ఫిల్టర్ పక్కన కొత్త ఫిల్టర్ పెట్టి చూపిస్తాను.

తర్వాత ఫిల్టర్ నుంచి చిన్న బిళ్ళ కత్తిరిస్తాం. మన నేలల్లో సున్నం ఉంటుంది, ఆ సున్నంలోని కార్బన్ డెల్టా దాదాపు సున్నా. అది పొగలోని కార్బన్‌తో కలిస్తే లెక్క తప్పిపోతుంది. అందుకని బిళ్ళను హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరిలో ఉంచి సున్నాన్ని పోగొడతాం. ఆరబెట్టి, తగరం రేకు గిన్నెలో పెట్టి, మడిచి, వేయి డిగ్రీల వేడిలో ఆక్సిజన్‌తో ఒక్కసారిగా మండిస్తాం. ఫిల్టర్ మీది మసి అంతా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ వాయువును హీలియం మోసుకుని మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి తీసుకెళ్తుంది. అక్కడ దానికి విద్యుదావేశమిచ్చి అయస్కాంతం పక్కనుంచి పంపుతారు. తేలికైనది ఎక్కువ వంగుతుంది, బరువైనది తక్కువ వంగుతుంది. 44 బరువుది ఒక గిన్నెలో, 45 ఒకదాంట్లో, 46 ఒకదాంట్లో పడతాయి. ఏ గిన్నెలో ఎంత పడిందో చూస్తే నిష్పత్తి తెలిసిపోతుంది. జాగ్రత్తగా చేస్తే కార్బన్‌లో వెయ్యికి 0.1, 0.2 తేడా కూడా దొరుకుతుంది.

సరే, అంకె వచ్చింది. దాంతో ఏం తెలుస్తుంది?

మన జిల్లాలో పాల కేంద్రం తెలియని ఇల్లు తక్కువ. ఆవు పాలలో వెన్న నాలుగు శాతం, బర్రె పాలలో ఏడు శాతం అనుకుందాం. రెండూ కలిపి పోసిన క్యానులో ఐదు వచ్చింది. అప్పుడు అందులో మూడో వంతు బర్రె పాలు అని అక్కడ కూర్చున్న అబ్బాయి నోటి లెక్కగా చెప్పేస్తాడు. క్యానులో పోసినవాణ్ణి చూడక్కర్లేదు. మేం గాలిలో చేసేది అచ్చం ఈ లెక్కే.

వరి, వేరుశనగ, మామిడి, చింత, సర్కారు తుమ్మ, మనం పొయ్యిలో పెట్టే కట్టెలన్నీ ఒక రకం మొక్కలు. వాటి కార్బన్ డెల్టా మైనస్ 27 దగ్గర ఉంటుంది, అటూ ఇటూ కొంత. చెరకు, మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి ఇంకో రకం. ఇవి గాలిలోని కార్బన్‌ను వేరే పద్ధతిలో పట్టుకుంటాయి. వీటి డెల్టా మైనస్ 13 దగ్గర ఉంటుంది. రెండింటి మధ్య వెయ్యికి పద్నాలుగు తేడా. మా కొలతలో ఇది చాలా పెద్ద దూరం.

ఇప్పుడు చిత్తూరు వైపు చూడండి. ఐరాల, పూతలపట్టు, పెనుమూరు చుట్టుపక్కల చెరకు, గానుగలు, బెల్లం. బెల్లం పెనం కింద మండేది ఏమిటి? ఎండబెట్టిన చెరకు పిప్పే. అంటే మైనస్ 13 రకం పొగ. అదే సమయంలో పట్టణంలో కట్టెల పొయ్యి నుంచి, డీజిల్ బండి నుంచి వచ్చేది మైనస్ 27 దగ్గరి పొగ. లెక్క అర్థం కావడానికి ఒక ఊహ చెబుతున్నాను, ఇది కొలిచిన ఫలితం కాదు. ఒక జనవరి రోజున ఫిల్టర్ మైనస్ 23.5 చూపించిందనుకోండి. ఇరవైఏడు నుంచి ఇరవైమూడున్నర దాకా మూడున్నర. దాన్ని పద్నాలుగుతో భాగిస్తే పావు. ఆ రోజు గాలిలోని కార్బన్ ధూళిలో పావు భాగం చెరకు జాతి మంట నుంచి వచ్చిందన్నమాట. గానుగలు ఆడని ఆగస్టులో అదే మేడమీద కొలిస్తే ఎంత వస్తుందో చూసి, రెండూ పక్కపక్కన పెట్టాలి. ప్రపంచంలో చాలా నగరాలకు ఇంత శుభ్రంగా విడిపోయే ఇంధనాలు లేవు. మన ప్రాంతానికి ఉన్నాయి. దీన్ని మనం ఇంకా వాడుకోలేదన్నదే నా బాధ.

కానీ పిల్లలూ, ఇక్కడ జాగ్రత్త. డీజిల్ కూడా మైనస్ 27 దగ్గర, మామిడి కట్టె కూడా మైనస్ 27 దగ్గర అన్నాను. కాబట్టి కార్బన్-13 ఒక్కటే పట్టుకుని బస్సు పొగను, కట్టెల పొగను విడదీయలేం. గని బొగ్గు మైనస్ 24, 25 ప్రాంతంలో ఉంటుంది, అదీ దగ్గరే. విడదీశామని ఎవరైనా చెబితే, ఇంకేం కొలిచారో అడగండి.

ఆ చిక్కు తీర్చేది కార్బన్-14. అది స్థిరమైనది కాదు, 5,730 ఏళ్ళకు సగమవుతుంది. కోట్ల ఏళ్ళు భూమిలో ఉన్న పెట్రోలు, డీజిల్, బొగ్గులో అది ఒక్క రవ్వ కూడా మిగల్లేదు. నిన్నమొన్నటి కట్టెలో, పిడకలో, పిప్పిలో ఉంటుంది. పాత కార్బన్ గాలిలో కలిసి కార్బన్-14ను పలచన చేస్తోందని హాన్స్ సూస్ అనే శాస్త్రవేత్త 1955లోనే చూపించాడు. ఇక దక్షిణాసియా మీద చలికాలంలో పరుచుకునే గోధుమరంగు పొగమేఘం ఎవరిదన్న వాదన చాలాకాలం నడిచింది. 2009లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయానికి చెందిన గుస్టాఫ్‌సన్ బృందం పుణే దగ్గరి సింహగఢ్‌లో, మాల్దీవుల్లో పట్టిన మసిలో కార్బన్-14 కొలిచి ఫలితం ప్రచురించింది. కట్టెలు, పిడకలు, పంట చెత్త లాంటి వాటి వాటా 46 శాతం నుంచి 68 శాతం దాకా తేలింది. రెండంకెలు ఎందుకొచ్చాయంటే, మసిని ఫిల్టర్ నుంచి వేరు చేసే పద్ధతులు రెండున్నాయి. నేను రెండూ చెబుతున్నాను, ఎందుకంటే ఒక్కటే చెబితే వినేవాళ్ళకు నచ్చిన అంకె మిగులుతుంది. ఏ పద్ధతిలో చూసినా దాదాపు సగమో, అంతకన్నా ఎక్కువో వంటపొయ్యి, పొలం మంటల నుంచి వస్తోంది. అదే కొలత తిప్పి చదివితే, మిగతాది బండ్లదీ బొగ్గుదీ. ఏ ఒక్కరినీ వదిలిపెట్టే ఫలితం కాదది.

నైట్రోజన్ దగ్గరికి వద్దాం. ఇది మన పక్కింటి కథ. 2007లో చెన్నైలో చలికాలం, ఎండాకాలం, పగలు, రాత్రి వేరువేరుగా గాలి ధూళి పట్టి నైట్రోజన్-15 కొలిచారు. మన దేశం, జపాన్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని. డెల్టా ప్లస్ 15.7 నుంచి ప్లస్ 31.2 దాకా వచ్చింది. చల్లని దేశాల నగరాల్లో అంతకుముందు చూసిన వాటికన్నా చాలా ఎక్కువ. ఆ నైట్రోజన్‌లో ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో ఉంది. వాళ్ళు చేసిన ఒక మంచి పని ఏమిటంటే, పేడ నమూనాలు కూడా తెచ్చి కొలిచారు. చివరికి పశువుల విసర్జన, కట్టెలు పిడకల మంట, ఈ రెండూ ముఖ్యమైన మూలాలని తేల్చారు. చెన్నై మనకెంత దూరం? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. వాళ్ళ గాలి ఇటొస్తుంది, మన గాలి అటు పోతుంది.

తిరుపతి గాలి మీద అసలు పనే జరగలేదనుకోవద్దు. మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రసాయనశాస్త్రవేత్తలు తిరుపతి ధూళిలో ఏయే లవణాలున్నాయో కొలిచి 2003లో ప్రచురించారు. ఆ తర్వాత వాన నీళ్ళనూ పరిశీలించారు. మన నేల దుమ్ములోని కాల్షియం వాన ఆమ్లత్వాన్ని తగ్గిస్తోందని ఆ పనిలో కనబడింది. ఇక్కడి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. రాడార్లతో పై గాలులను చదివే చోటు అది. అంటే గాలి ఎటు నుంచి వస్తోందో చెప్పగలవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. ధూళి ఏ ఇంధనానిదో చెప్పే కొలత దాని పక్కన చేరాలి.

ఎందుకు చేరాలో జనవరిలో తెల్లవారుజామున ఘాట్ రోడ్డు మొదటి మలుపుల దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. కింద ఊరి మీద బూడిదరంగు పొర ఒకటి బారుగా పరుచుకుని ఉంటుంది. దాని పైన గాలి తేటగా ఉంటుంది, దూరపు గుట్టలు కూడా కనిపిస్తాయి. రాత్రి నేల చల్లబడి, నేలను ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువై, పైకి లేవలేక అక్కడే ఉండిపోతుంది. మనం తెల్లారి పెట్టిన పొయ్యి, స్టార్ట్ చేసిన బండి, తగలబెట్టిన చెత్త, అన్నీ ఆ కొద్దిపాటి ఎత్తులోనే తిరుగుతుంటాయి. ఎండ ఎక్కాక పొర విరిగి పైకి కలిసిపోతుంది. రోజు సగటు అంకెలో ఈ పొద్దుటి సంగతి కనబడదు. కాబట్టి ఫిల్టర్‌ను పగలొకటి, రాత్రొకటి మార్చాలి.

గంధకం గురించి రెండు మాటలు. సముద్రపు ఉప్పులోని సల్ఫేటు డెల్టా ప్లస్ 21. చలికాలంలో మనకు ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది. ఆ దిక్కునే సముద్రం ఉంది, కృష్ణపట్నం బొగ్గు విద్యుత్ కేంద్రాలూ ఉన్నాయి. సముద్రం వాటాను బొగ్గు వాటా నుంచి వేరు చేయడానికి గంధకం పనికొస్తుంది. అయితే బొగ్గు గని మారితే విలువ మారుతుంది, కాబట్టి అక్కడ ఏ బొగ్గు మండుతోందో తెలియాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే వాహన ప్రమాణం కింద అమ్మే ఇంధనంలో గంధకం పది లక్షల భాగాల్లో పది భాగాలకు తగ్గింది. అందుకని బండ్ల వైపు నుంచి వచ్చే గంధకం ఇప్పుడు తక్కువే.

సీసం సంగతి మాత్రం తీరిగ్గా చెప్పాలి. ఈ విద్య ఒక దేశపు చట్టాన్నే మార్చిన కథ అది. సీసంలో నాలుగు స్థిర ఐసోటోపులున్నాయి, 204, 206, 207, 208. ఇందులో 206 యురేనియం-238 నుంచి, 207 యురేనియం-235 నుంచి, 208 థోరియం నుంచి పుడతాయి. ఒకదానికి సగం కావడానికి 447 కోట్ల ఏళ్ళు, ఒకదానికి 70 కోట్లు, ఇంకోదానికి 1,400 కోట్లు. అందువల్ల ఖనిజం ఎప్పుడు, ఎక్కడ ఏర్పడిందన్నదాన్ని బట్టి నాలుగింటి పాళ్ళు మారిపోతాయి. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గని సీసంలో 206కు 207కు నిష్పత్తి దాదాపు 1.04. అమెరికాలో మిసిసిపీ లోయ సీసంలో 1.3కు పైన. పైగా సీసం బరువైన లోహం కాబట్టి కరిగించినా, కాల్చినా, గాలిలో ఎగిరినా ఈ పాళ్ళు చెప్పుకోదగ్గట్టు మారవు.

క్లెయిర్ ప్యాటర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఉల్కల్లోని సీసం కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని 1956లో తేల్చాడు. ఆ కొలతకు కూర్చుంటే ఎటు చూసినా సీసమే. బల్ల మీద, గాజుపాత్రలో, గదిలోని గాలిలో, తన బట్టల మీద కూడా. గదిని అణువణువూ శుభ్రం చేస్తే తప్ప కొలత కుదరలేదు. ఇంత సీసం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆయన ఆగి ఆలోచించాడు. పెట్రోల్లో కలుపుతున్న సీసం అందులో పెద్ద భాగమని, మనుషుల ఒంట్లో సహజంగా ఉండాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు సీసం చేరుతోందని 1965లో రాశాడు. సీసం పరిశ్రమ ఆయనకు అడ్డుపడింది. ఆయన తగ్గలేదు. అక్కడ 1970ల నుంచి సీసం తగ్గించడం మొదలైంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. 2021లో అల్జీరియాతో ప్రపంచమంతటా ఆగింది. మన దేశంలో అది ఆగాక పుట్టిన పిల్లలు ఈ హాల్లో ఎందరో ఉన్నారు. మీ అమ్మానాన్నలు పీల్చిన సీసం మీరు పీల్చలేదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. బీజింగ్ అంకెలు తెచ్చి తిరుపతికి అంటిస్తే పని జరగదు. మూలం దగ్గరి అంకె మన ఊరిదే కావాలి.

ఎందుకో చెబుతాను. పిడక తీసుకోండి. దాని కార్బన్ డెల్టా ఎంత? వరిగడ్డి తిన్న ఆవు పేడ మైనస్ 27 వైపు ఉంటుంది. నేపియర్ గడ్డి, జొన్నచొప్ప, చెరకు ఆకు తిన్న ఆవు పేడ మైనస్ 13 వైపు పోతుంది. ఒకే ఊళ్ళో రెండిళ్ళ పిడకలు వేరుగా ఉండొచ్చు. పక్క జిల్లా అంకె కూడా మనకు సరిపోకపోవచ్చు. చెరకు పిప్పికి మొక్కలో ఉన్న అంకె, పొగలోకి వచ్చేసరికి కొంత తేలికవుతుందని ప్రయోగాలు చూపించాయి. కాబట్టి పిప్పిని కొలిస్తే చాలదు, పిప్పి పొగను కొలవాలి. నైట్రోజన్‌లో ఇంకా పెద్ద చిక్కు. అమ్మోనియా వాయువుగా ఉన్నప్పుడు ఒక అంకె, అది ధూళిలో అమ్మోనియంగా మారేసరికి, 25 డిగ్రీల దగ్గర, వెయ్యికి 33 దాకా బరువెక్కుతుంది. ఈ మార్పును లెక్కలో ఎంత పట్టాలన్నదాని మీద ఆధారపడి పశువుల తప్పు బండ్లకు, బండ్ల తప్పు పశువులకు మారిపోతుంది. మన వేడి వేరు, మన తేమ వేరు. సీసానికి కూడా ఇలాంటిదే ఉంది. పాత బ్యాటరీలు కరిగించి మళ్ళీ బ్యాటరీ చేస్తారు, అందులో నాలుగు దేశాల సీసం కలిసిపోయి ఉంటుంది. దాని పాళ్ళు ఏ పుస్తకంలోనూ దొరకవు, ఇక్కడే కొలవాలి.

కాబట్టి మన ప్రాంతానికి ఒక నమూనాల భాండాగారం కావాలి. ఐరాల పిప్పి పొగ, చంద్రగిరి వరిగడ్డి, రేణిగుంట రోడ్డు దుమ్ము, ఇటుక బట్టీ బూడిద, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బాయిలర్ మసి, తిరుచానూరు వైపు పిడకలు. కొలిచే యంత్రాలు ఖరీదైనవే, ప్రతి కాలేజీ కొనలేదు. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో ఐసోటోపు ప్రయోగశాలలున్నాయి. నమూనా ఒక చిన్న కవరులో పోతుంది. యంత్రం అక్కడున్నా ఇబ్బంది లేదు, నమూనా గురించి తెలిసిన మనిషి మాత్రం ఇక్కడే ఉండాలి. ఏ పొయ్యిలో ఏం మండుతుందో మీకు తెలిసినట్టు అహ్మదాబాద్ శాస్త్రవేత్తకు తెలియదు.

ఇక మీరు అడగండి.

ఒక శ్రోత: సార్, నేను ఆటో తోలుతాను. పొగ అనగానే మా మీదికే వస్తారు. ఈ పరీక్షతో మా తప్పెంతో తేలుతుందా?

బండ్లూ బొగ్గూ అన్నీ కలిపి ఎంతో కార్బన్-14తో బాగానే చెప్పొచ్చన్నా. అందులో ఆటోలది ఎంత, కార్లది ఎంత, లారీలది ఎంత అని ఐసోటోపులు చెప్పలేవు. ఒకే బంకులో పోయించుకున్న డీజిల్ ఏ బండిలో మండినా అంకె ఒకటే. దానికి బండ్ల లెక్క, ఇంజిన్ పరీక్ష కావాలి. మీ మీద నేరం మోపడానికి ఎవరైనా ఐసోటోపుల పేరు చెబితే నమ్మొద్దు.

ఒక శ్రోత: మాది పూతలపట్టు దగ్గర పల్లె. మాకు గానుగ ఉంది. ఇదంతా కొలిచి రేపు గానుగలు మూయమంటే మేమేం తినాల?

అమ్మా, మీ భయం న్యాయమైనదే. గానుగలు మూయమనే మాట నా నోటి నుంచి రాదు. కొలిస్తే మీకే మంచిదని ఎందుకంటున్నానో వినండి. ఈ రోజు అంకె లేదు కాబట్టి పట్నం పొగంతా పల్లె మీదికి నెట్టడం సులువు. రేపు కొలిచాక చెరకు వాటా తక్కువని తేలితే ఎవరూ మిమ్మల్ని మాట అనలేరు. ఎక్కువని తేలితే, పిప్పి బాగా ఎండబెట్టుకునే చోటు, గాలి సరిగ్గా ఆడే పొయ్యి, కాస్త ఎత్తైన చిమ్నీ, వీటికి ప్రభుత్వం డబ్బివ్వాలని అడిగే హక్కు మీకుంటుంది. తడి పిప్పే ఎక్కువ పొగ పెడుతుందని నాకన్నా మీకు బాగా తెలుసు. పైగా ఆ పొగను ముందు పీల్చేది పెనం దగ్గర నిలబడే మీ ఇంటివాళ్ళే.

ఒక విద్యార్థి: కొండ మీదికి ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి కదా సార్. దానివల్ల గాలి మారిందా?

2022 నుంచి తిరుగుతున్నాయి. పొగ గొట్టం లేదు, ఆ మేరకు డీజిల్ మసి లేనట్టే. బ్రేకుల పొడి, టైర్ల పొడి, రోడ్డు దుమ్ము మిగిలే ఉంటాయి. ఊరి మొత్తం మీద ఎంత మారిందని చెప్పాలంటే బస్సులు రాకముందటి ఫిల్టర్లు ఉండాలి. ఎవరి దగ్గరైనా పాత ఫిల్టర్లు ఫ్రీజర్‌లో ఉంటే అవి బంగారమే, పారేయొద్దని చెప్పండి. ఇప్పుడు పట్టినవి దాచుకుంటే, ఇంకో ఐదేళ్ళకు మిగతా బస్సులు మారినప్పుడు పోల్చుకోవచ్చు.

ఒక విద్యార్థిని: సార్, మా కాలేజీలో శాంప్లర్ కూడా లేదు. మేం ఏం చేయగలం?

శాంప్లర్ తర్వాత వస్తుందిలేమ్మా. ముందు ఇంధనాల నమూనాలు పట్టండి, దానికి డబ్బక్కర్లేదు. సంక్రాంతి సెలవులకు ఊరికెళ్తారు కదా. ఒక్కొక్కరు మీ ఊళ్ళో మండే ప్రతి వస్తువూ గుప్పెడు తీసుకురండి. పిడక, పిప్పి, వేరుశనగ పొట్టు, వరిగడ్డి, కంపకట్టె ఏదైనా సరే. భోగి మంటలో ఏమేం వేశారో రాసుకోండి. టైరు వేస్తే టైరని రాయండి, మొహమాటపడొద్దు. పిడకైతే ఆ పశువుకు ఏం మేత పెడతారో అడిగి రాయాలి. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి, ప్లాస్టిక్‌లో వేస్తే బూజు పడుతుంది. కవరు మీద ఊరు, తేదీ, వస్తువు పేరు పెన్సిల్‌తో రాయండి, సిరా అయితే చెమ్మకు చెరిగిపోతుంది. తిరిగి వచ్చాక మీ కెమిస్ట్రీ మేడంకు ఇవ్వండి, నేను వచ్చి చూస్తాను. ఎండిన నమూనాలు బీరువాలో ఉన్నా ఫర్వాలేదు. రేపు శాంప్లర్ వచ్చి ఫిల్టర్లు పడితే మాత్రం అవి ఫ్రీజర్‌లోనే ఉండాలి, మన వేడికి అమ్మోనియం నైట్రేట్ ఆవిరైపోతుంది.